ముందు సంచీ, తరువాత గరిటె

వంట నేర్చుకోవడం ఎక్కడ మొదలవుతుందని అడిగితే చాలామంది పొయ్యి దగ్గర అంటారు. మన అమ్మమ్మలు మాత్రం ఆ మాట ఒప్పుకోరు. ముందు కూర ఏరడం వస్తే వండడం దానంతట అదే వస్తుందంటారు. బెండకాయ కొస విరిస్తే టక్కుమని విరగాలి. వంకాయ ముచ్చిక పచ్చగా, నిగనిగలాడుతూ ఉండాలి. కొబ్బరికాయను చెవి దగ్గర పెట్టి ఆడిస్తే లోపల నీళ్ళు పలకాలి. ఈ పాఠాలు ఎంత మంచి వంటల పుస్తకమైనా చెప్పలేదు. అంగడి ముందు నిలబడి, చేత్తో ముట్టుకుని నేర్చుకోవలసినవి ఇవి.

ఈ సంగతి మనకెంత తెలుసో స్పెయిన్ దేశం వాళ్ళకూ అంతే తెలుసు. కాకపోతే వాళ్ళు దాన్ని నలుగురికీ పనికివచ్చే వ్యాపారంగా మలచుకున్నారు. బార్సిలోనా, వలెన్సియా, సెవిల్ వంటి పట్నాలకు వెళ్ళిన యాత్రికులకు కోటలూ చర్చిలూ చూపించడంతో సరిపెట్టరు. వంట నేర్పుతామని పిలుస్తారు. పొద్దున్నే వంట మాస్టారో, పంతులమ్మో బజారు గుమ్మం దగ్గర సంచీతో సిద్ధంగా ఉంటారు. ఏడెనిమిదిమంది పరదేశీయులు వెంట నడుస్తారు. గంటసేపు అంగళ్ళు తిరిగి, ఆనాటి వంటకు కావలసిన సరుకు కొని, వంటింటికి చేరతారు. ఒకరు ఉల్లిపాయలు తరిగితే ఇంకొకరు టొమేటోలు తురుముతారు. మధ్యాహ్నానికి వంట పూర్తవుతుంది. వండినవాళ్ళంతా కూర్చుని భోంచేస్తారు. పాఠమూ అయిపోయింది, భోజనమూ అయిపోయింది!

ఆ పట్నాలన్నిటిలో వలెన్సియా మన కోనసీమవాళ్ళకు చుట్టరికం కలుపుకోదగిన ఊరు. ఎందుకంటారా? అదీ నీటి కాలువల సీమే, అదీ వరి పండే నేలే. ఊరికి దక్షిణాన అల్బుఫెరా అనే పెద్ద మంచినీటి సరస్సు ఉంది. దాని చుట్టూ వరిచేలు. గౌతమికీ వశిష్ఠకూ మధ్య మన చేలు ఎలా కాలువ నీటిమీద బతుకుతున్నాయో, అక్కడి తోటలూ చేలూ అలాగే తూరియా నది కాలువలమీద బతికాయి. ఆ నీటి తగవులు తీర్చడానికి రైతులే ఎన్నుకున్న పెద్దల పంచాయతీ ఒకటి ఉంది. ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు పెద్ద చర్చి గుమ్మం ముందు కూర్చుని, నోటిమాటతోనే తీర్పు చెబుతారు. శతాబ్దాలుగా నడుస్తున్న ఈ పంచాయతీని 2009లో యునెస్కో మానవజాతి వారసత్వంగా గుర్తించింది. మన వైపు కాలువ చివరి భూముల రైతులకు ఈ సంగతి చెబితే, "అటువంటి గురువారం మాక్కూడా ఒకటి ఉంటే బాగుండునండీ" అంటారు కాబోలు!

వలెన్సియా నడిబొడ్డున మెర్కాదో సెంట్రాల్ అనే పెద్ద బజారు ఉంది. 1928లో తెరిచారు. ఇనుమూ, గాజూ, రంగు పెంకులూ కలిపి కట్టిన గోపురాల కింద కూరలు, పళ్ళు, చేపలు, మాంసం, ఎండు దినుసులు అన్నీ వరసగా దొరుకుతాయి. అక్కడి అంగళ్ళలో ముచ్చటైన మర్యాదలు కొన్ని ఉన్నాయి. కొనేవాళ్ళు వరసలో నిలబడరు. వచ్చినవాళ్ళు "చివరివారు ఎవరండీ?" అని అడుగుతారు. "నేనే" అని ఒకరు జవాబు చెబుతారు. ఇక వారి తరువాత మీ వంతు. వరస కంటికి కనిపించదు గాని, దాన్ని దాటి ముందుకు వెళ్ళారో, పదిమందీ మిమ్మల్నే చూస్తారు. మరొకటి: కాయను మీరు ముట్టుకోకూడదు. ఎన్ని కావాలో, ఇవాళ్టికో రేపటికో చెబితే అంగడివాళ్ళే ఏరి ఇస్తారు. బెండకాయ విరవందే బేరమాడని మనకు ఇది ప్రాణసంకటమే! ఇక మూడోది మనకు బాగా నచ్చేది. చేపలు కొన్నవాళ్ళకు గుప్పెడు పార్స్లీ ఆకు ఊరికే ఇచ్చే అలవాటు అక్కడ ఉంది. అది కొసరు కాక మరేమిటి? మన కూరలామె తూకం అయ్యాక సంచీలో వేసే కరివేపాకు రెబ్బా, ఆ పార్స్లీ ఆకూ అక్కచెల్లెళ్ళు.

బజారులో నడుస్తూ మాస్టారు చెప్పే కథ ఇంకా బాగుంటుంది. బియ్యాన్ని స్పెయినుకు తీసుకువెళ్ళినవాళ్ళు అరబ్బులు. అందుకే స్పానిష్ భాషలో బియ్యానికి ఉన్న "అర్రోస్" అనే పేరు అరబ్బీ మాటనుంచి వచ్చింది. మిరపకాయా టొమేటోనేమో 1492లో కొలంబస్ సముద్రం దాటాక అమెరికా ఖండంనుంచి అక్కడికి చేరాయి. తరువాత పోర్చుగీసు ఓడలమీద మిరపకాయ మన తీరానికి వచ్చింది. అంతకుముందు మనకు కారమంటే మిరియమే. మిరప అన్న పేరులోనే ఆ మిరియం దాగి ఉంది. మన పెద్దవాళ్ళు నిన్నమొన్నటిదాకా టొమేటోను రామములక్కాయ అన్నారు. జీడిమామిడి కూడా ఆ దారినే వచ్చింది. రాజోలు వైపు మోరి గ్రామం జీడిపప్పుకు ఎంత పేరుబడ్డా, ఆ చెట్టు పుట్టిల్లు బ్రెజిల్ దేశం. తూర్పునుంచి బియ్యం అటు వెళ్ళింది, పడమటినుంచి కారం ఇటు వచ్చింది. కూరల గంప చూస్తే చాలు, నాలుగు సముద్రాల చరిత్ర కనబడుతుంది.

ఇంత కథ విన్నాక వంటింట్లో చేసేది ఏమిటి? వలెన్సియాలో అయితే పయేయా. ఇది నిజానికి వంటకం పేరు కాదు, వండే పెనం పేరు. రెండు చెవులతో, వెడల్పుగా, లోతు లేకుండా ఉంటుంది. అసలైన వలెన్సియా పయేయాలో కోడిమాంసం, కుందేలు మాంసం, వెడల్పు చిక్కుళ్ళు, పెద్ద గింజల బీన్సు, టొమేటో, కుంకుమపువ్వు, ఆలివు నూనె వేస్తారు. పొట్టి గింజ బియ్యం వాడతారు. పొయ్యిలోకి నారింజ కట్టెలు మంచివంటారు. బియ్యం వేశాక గరిటె పెట్టరాదన్నది ముఖ్యమైన నియమం. నీరంతా ఇగిరి, అడుగున ఎర్రని పలచని పొర కట్టాలి. ఆ పొరకోసం పిల్లలూ పెద్దలూ పోటీ పడతారు. దిబ్బరొట్టె అడుగు ముక్కకోసం మన ఇళ్ళలో జరిగే తగాదా గుర్తుకు వస్తుంది కదూ?

ఇదంతా బాగానే ఉంది. అయితే ఇందులో ఒక చిక్కు కూడా ఉంది, అది చెప్పకపోతే కథ సగమే చెప్పినట్టు. బార్సిలోనాలో లా బొకేరియా అనే పేరుమోసిన బజారు ఉంది. యాత్రికులు ఎంతగా వచ్చిపడ్డారంటే, ఊళ్ళో ఇల్లాళ్ళు కూరలకు వెళ్ళడమే కష్టమైపోయింది. వచ్చినవాళ్ళు ఫొటోలు తీసుకుంటారు గాని పావుకిలో కూడా కొనరు. కూరలూ చేపలూ అమ్మేవాళ్ళలో కొందరు అవి మానేసి, గ్లాసుల్లో పళ్ళరసాలూ, తింటూ నడవడానికి వీలైన ముక్కలూ అమ్మడం మొదలుపెట్టారు. చివరకు 2015లో అక్కడి నగరపాలక సంస్థ, శుక్ర శనివారాల్లో రద్దీ వేళ 15 మందీ అంతకు మించీ ఉన్న యాత్రిక బృందాలు లోపలికి రాకూడదని ఆంక్ష పెట్టవలసి వచ్చింది. ఊరి కడుపు నింపవలసిన బజారు వచ్చేపోయేవాళ్ళ వినోదశాల అయితే, చూడడానికి వచ్చినవాళ్ళకు కూడా చివరికి చూడవలసిందేమీ మిగలదు.

ఈ రెండు సంగతులూ దగ్గర పెట్టుకుని మన కోనసీమకు వద్దాం.

దిండిలో పడవ ఇళ్ళకోసం, అంతర్వేది, అప్పనపల్లి, అయినవిల్లి దర్శనాలకోసం ఏటా ఎందరో వస్తున్నారు. కొబ్బరితోటల్లో ఫొటో దిగుతారు, పూతరేకుల డబ్బా కొంటారు, వెళ్ళిపోతారు. కోనసీమ వంట నేర్చుకుని వెళ్ళినవాళ్ళు ఎందరు? నేర్పేవాళ్ళు లేకనా? మన ప్రతి ఊళ్ళోనూ నేర్పగలవాళ్ళున్నారు. వాళ్ళను పంతులమ్మలని మనం అనుకోలేదు, అంతే.

అమలాపురం కూరల బజారులో పాఠం పెడితే ఎలా ఉంటుందో చూడండి. కాలం ఫాల్గుణమో చైత్రమో అయితే మొదటి పాఠం లేత పనసకాయ దగ్గర. కత్తికి నూనె రాసుకుని, కాయ చెక్కు తీసి, చకచకా పొట్టు కొట్టేవాళ్ళ చేతివాటం చూసి తీరాలి. అంత బరువైన కత్తి వేళ్ళకు వెంట్రుకవాసిలో పడుతుంటుంది గాని, వేలు తెగదు. సన్నగా, సమంగా పొట్టు రాలుతుంది. ఏ దేశపు వంట మాస్టారైనా అక్కడ టోపీ తీయవలసిందే. రెండో పాఠం కంద, బచ్చలి. దురద పెట్టే దుంపకు చింతపండు పులుసు ఎందుకు జోడించారో, ఆవ ఎప్పుడు కలపాలో అక్కడే చెప్పాలి. ఆవముద్ద పొయ్యిమీద ఉడికితే చేదెక్కుతుంది. దించి, వేడి కాస్త తగ్గాక కలిపితేనే ఘాటు నిలుస్తుంది. పరదేశి అతిథికి ఇది కొత్త విద్య.

అక్కడినుంచి అంబాజీపేట ఎంతో దూరం లేదు. కొబ్బరికి దేశమంతటా పేరున్న మార్కెట్టు అది. లేత బోండాం ఏది, పచ్చడికి పనికివచ్చే కాయ ఏది, నెలల తరబడి అటకమీద నిలవ ఉండి లోపలి గుండు తనంతట తాను ఎండిన కురిడీ ఏది అని ఒక్కొక్కటీ చేతికిచ్చి చూపాలి. పీచు తీయని కాయా, తీసిన కాయా, కురిడీ, పీచుతో తాడు, చిప్పతో గరిటె... చెట్టు ఒక్కటే, బతుకుతెరువులు ఎన్ని! 1996 నవంబరు తుపానులో లక్షల కొబ్బరిచెట్లు నేలకూలినప్పుడు కోనసీమ ఎందుకు అంతగా విలపించిందో, ఈ మార్కెట్టు చూసినవాడికి వేరే చెప్పనక్కరలేదు. రావులపాలెం వెళితే అరటి మార్కెట్టు. అక్కడ గెలల మధ్య నిలబడి కర్పూరానికీ చక్కెరకేళికీ అమృతపాణికీ తేడా చెప్పగలిగితే, ఆ అతిథికి పరీక్ష పాసైనట్టు చీటీ రాసి ఇవ్వవచ్చు. మాంసాహారులకైతే శ్రావణ భాద్రపదాల్లో గోదావరి ఎర్రనీటికి ఎదురీది వచ్చే పులస కథ ఉండనే ఉంది. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న మాట విని అతిథి భార్య మెడ తడుముకుంటే, అది మన తప్పు కాదు!

ఇక పై తరగతి పాఠం ఆత్రేయపురంలో. ర్యాలి గుడికి వచ్చినవాళ్ళు ఆ ఊరినుంచి పూతరేకులు పట్టుకుపోవడం రివాజే. ఆ రేకు ఎలా పుడుతుందో చూసినవాళ్ళు తక్కువ. నానిన బియ్యాన్ని మెత్తగా రుబ్బి, పాలలా పలచన చేస్తారు. దానికోసమే చేయించిన కుండను బోర్లించి కింద ఎండు కొబ్బరాకులతో మంట పెడతారు. పలచని గుడ్డను ఆ పిండిలో ముంచి, రెండు చేతులతో కొసలు పట్టుకుని, కాగిన కుండమీద ఒక్కసారి లాగుతారు. రెప్పపాటులో కాగితంకంటె పలచని రేకు లేస్తుంది. మంట ఎక్కువైతే రేకు మాడిపోతుంది, తగ్గితే లేవదు. చెయ్యి ఆగితే చిరిగిపోతుంది. ఆ రేకును తడిగుడ్డతో మెత్తబరిచి, నెయ్యి రాసి, బెల్లమో పంచదారో పొడి చల్లి మడుస్తారు. చెప్పడానికి నాలుగు ముక్కలే, చెయ్యడానికి ఏళ్ళ అలవాటు కావాలి. తల్లి పక్కన కూర్చుని కూతురు, అత్త పక్కన కోడలు నేర్చుకున్న విద్య అది.

2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక ఆ పేరును ఎవరు పడితే వారు పెట్టుకోరాదన్నమాట. సంతోషించవలసిన సంగతే. అయితే ఆ చట్టం పేరును కాపాడుతుంది గాని, పొయ్యి ముందు సెగకు కూర్చున్న చేతిని కాపాడదు. రోజంతా మంట దగ్గర కూర్చుని రేకులు తీసే ఇల్లాలి కూతురు, "నాకీ పని వద్దమ్మా" అంటే ఆ పిల్లను తప్పుపట్టగలమా? రేకు ధర పెంచితే కొనేవాళ్ళు గొణుగుతారు. కాని ఆ విద్యను పాఠంగా చెప్పించుకుని, గంటకు ఇంత అని గురుదక్షిణ ఇస్తే? స్పెయిన్‌లో వంట మాస్టారు యాత్రికుల దగ్గర పుచ్చుకునేది అదే కదా. అక్కడ పొయ్యి దగ్గరి విద్యను విద్యగా లెక్కగట్టారు. మనం మాత్రం "ఏముందండీ, ఆడవాళ్ళ పని" అనుకుంటూ వచ్చాం. వంట ఎప్పుడు విద్య అవుతుందంటే, నేర్పినవారికి డబ్బూ గౌరవమూ రెండూ దక్కినప్పుడు. అప్పుడు ఆ కూతురు కూడా మరోసారి ఆలోచిస్తుంది.

ఇటువంటి తరగతి పెట్టదలచిన మహిళా సంఘాలకూ, ఇంటికి అతిథులను పిలిచే గృహిణులకూ నాలుగు సూచనలు. ఒకటి: ఆరుగురికి మించి బజారుకు తీసుకువెళ్ళకండి. ఊళ్ళోవాళ్ళు కొనుక్కునే రద్దీ వేళ కాకుండా కాస్త ఆగి వెళ్ళండి. రెండు: చూడడానికి ఆగిన ప్రతి అంగడిలోనూ ఎంతో కొంత కొనండి. ఫొటో తీసేముందు అంగడి ఆమెను అడగండి. "ఆయ్, తీసుకోండి" అందో, సరే. అనలేదో, కెమెరా సంచీలోకి! మూడు: అంగడి ఆమె చేతే నాలుగు మాటలు చెప్పించండి. మీరు పక్కన ఉండి తెలిగించడమో, ఇంగ్లీషులోకి మార్చడమో చేయండి చాలు. పనస పొట్టు కొట్టేవారికీ, కొబ్బరి వలిచేవారికీ వారి సమయానికి తగ్గది ఇవ్వండి. నాలుగు: ఆ రోజు బజారులో ఏది బాగుంటే అదే వండండి. ముందుగా పట్టీ రాసుకుని, లేత పనసకాయకోసం కార్తీకంలో ఊరంతా వెతక్కండి.

ఇంకొక మాట. యాత్రికులంటే స్పెయిన్‌నుంచో ఫ్రాన్సునుంచో రానక్కరలేదు. అమెరికానుంచి, హైదరాబాదునుంచి సెలవులకు వచ్చే మన మనవలూ యాత్రికులే. చాలామంది ఇళ్ళలో వాళ్ళకు కోరినవి వండిపెట్టి పంపుతున్నారు గాని, సంచీ చేతికిచ్చి బజారుకు తీసుకువెళ్ళడం లేదు. "ఎండలో వాడెందుకు?" అంటారు. తిన్న పిల్లవాడికి రుచి గుర్తుంటుంది. బెండకాయ విరిచి చూసి, కొసరు అడిగి, ఇంటికి వచ్చి తాతతోపాటు తరిగిన పిల్లవాడికి ఆ ఊరే గుర్తుంటుంది. ఈ సెలవుల్లో ఒక్క పూట ప్రయత్నించి చూడండి.

ఆ పిల్లలకే నచ్చేలా, కోనసీమ సరుకుతో శాకాహార పయేయా ఒకటి చెబుతాను.

ఇద్దరికి 200 గ్రాముల పొట్టి గింజ బియ్యం తీసుకోండి. కప్పు బియ్యానికి రెండున్నరనుంచి మూడు కప్పుల నీళ్ళు పడతాయి. స్పెయిన్‌లో ఈ బియ్యం కడగరు. మన మనసు ఒప్పకపోతే ఒక్కసారి కడిగి బాగా వడకట్టండి. లోతు తక్కువ ఉన్న వెడల్పు మూకుడులో మూడు నాలుగు చెంచాల నూనె కాగనివ్వండి. ఆలివు నూనె లేకపోతే వేరుసెనగ నూనె చాలు. తరిగిన బీన్సు, చిక్కుడు గింజలు, కాలీఫ్లవరు ముక్కలు ఉప్పు వేసి ఎర్రగా వేయించి పక్కలకు జరపండి. మధ్యలో రెండు టొమేటోల తురుము వేసి దగ్గరపడనివ్వండి. సగం చెంచా కారం వేసి, మాడకముందే వెంటనే నీళ్ళు పోయండి. చిటికెడు కుంకుమపువ్వు, సరిపడా ఉప్పు వేసి పది నిమిషాలు మరగనివ్వండి. రుచి చూడండి, పులుసు కాస్త ఉప్పగా అనిపించాలి. అప్పుడు బియ్యాన్ని మూకుడంతటా సమంగా చల్లండి. ఇక గరిటె పక్కన పెట్టేయండి! పెద్దమంటమీద ఎనిమిది నిమిషాలు, సన్నమంటమీద మరో పది నిమిషాలు ఉంచండి. నీరు ఇగిరాక అడుగున చిటపటమని చప్పుడు వినబడుతుంది. కమ్మని వాసన రాగానే దించి, అయిదు నిమిషాలు గుడ్డ కప్పి ఉంచండి. నిమ్మచెక్కతో వడ్డించండి.

అడుగు పొర ఎవరికన్న తగాదా వస్తే, ఆ రోజు సంచీ మోసినవారికే ఇవ్వండి. అదే న్యాయం, ఏమంటారు?